చట్టి పగల్లేదు

ఈ శీర్షికలో సాధారణముగా మేము కుటుంబములలో జరిగే సంగతులే వ్రాస్తూ ఉంటాము. పిల్లల చదువులు, అప్పులు, పెండ్లి సంబంధాలు, పెద్దల అనారోగ్యాలు. ఈ నెల ఒక బొమ్మను గూర్చి వ్రాయబోతున్నాము. బొమ్మల సంగతి పాస్టరుగారికి ఏమి తెలుసునని మీరు అడుగవచ్చును. ఏమీ తెలియదు గనుకనే ఇది వ్రాయవలసి వచ్చినది. కొంచెము ఓపికతో చదవమని మనవి.

మా సంఘము నెల్లూరు జిల్లా తీరమున, ఇస్కపల్లి ఉప్పు కొటారులకు దగ్గరలో ఉన్నది. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క రొయ్యల గుంటలు. సంఘస్థులలో చాలామందికి ఆ గుంటల మీదనే జీవనము. వారిలో ఒక సహోదరుడు చాలా ఏండ్లుగా గుంటల దగ్గర కావలి ఉంటూ, మేత చల్లుతూ, రాత్రివేళ ఏరియేటర్లు ఆగిపోకుండా కనిపెట్టుకొని ఉంటాడు. ఆయన పెద్ద బిడ్డ ఆడపిల్ల. మా సండే స్కూలు గోడమీద వాక్యములు, క్రిస్మసుకు కట్టే నక్షత్రాలు, పశువులపాక తెర, అన్నీ ఆ అమ్మాయి చేతి పనే. ఇంటరు ముగిసిన తరువాత చిత్రకళ చదువుతానని పట్టుబట్టి బి.ఎఫ్.ఏ.లో చేరినది. తండ్రి అప్పు చేసి పంపాడు.

మొన్న వేసవి సెలవులలో ఒక సాయంకాలము ఆ సహోదరుడు చుట్టిన కాగితమొకటి చంకలో పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కాగితమును మంచము మీద పరచి, రెండు అంచులను చేతులతో అదిమి పట్టుకొని ఇట్లన్నాడు.

"అయ్యగారూ, రెండేండ్లు చదివించినానే, ఇదిగో మీరే చూడండి. ఇంట్లో ఉండే చేపల చట్టిని గీసిందంట. పగలగొట్టి పెంకులు పరిచినట్టుండాది. చేరకముందు ఎంత బాగా గీసేది! చదివే కొద్దీ చెయ్యి పాడైపోతా ఉంది. వచ్చే నెల్లో ఫీజు కట్టాల. ఇంక మానిపిచ్చేద్దామనిపిస్తా ఉంది. మీరొక మాట చెప్పండి. మీ మాట అది వింటది, నేనూ వింటా."

మేము వంగి చూశాము. చట్టి మూతి పైనుండి చూచినట్లు నిండు గుండ్రముగా ఉన్నది. దాని పొట్ట మాత్రము ప్రక్కనుండి చూచినట్లున్నది. అడుగుభాగము మసితో సహా ఇంకొక మూలకు వచ్చి కూర్చున్నది. కత్తిపీట పీట ఒక చోట, దాని కొన ఇంకొక చోట. లాంతరు గాజు సగమే ఉన్నది. రంగులా, గోధుమ, బూడిద, నలుపు, అంతే. చట్టి ఎక్కడ ముగిసినదో బల్ల ఎక్కడ మొదలైనదో తెలియదు. నిజము చెప్పాలంటే మాకు కూడా పెంకులే కనబడినవి. మానిపించమనే మాట నాలుక చివరి వరకు వచ్చినది.

ఆ మాటకు అడ్డుపడినది మా తెలివి అనుకోవద్దు. ఒక పాత సిగ్గు అడ్డుపడినది. క్రిందటి సంవత్సరము యౌవనస్థుల కూటములో ప్రసంగిస్తూ, ఈ కాలపు చిత్రకారుల బొమ్మలలో కన్ను చెవి దగ్గర, చెవి మోకాలి దగ్గర ఉంటాయనీ, వాటిని కోట్లు పోసి కొనేవారి కన్ను ఎక్కడుందో తెలియదనీ చెప్పి అందరినీ నవ్వించాము. అందరూ నవ్వినప్పుడు ఒక అమ్మాయి తలవంచుకొని చాప అంచు గిల్లుతూ ఉండిపోయినది. ఆ అమ్మాయి ఈ అమ్మాయే. ఆ రోజున మాకు పికాసో అనే ఒక పేరు తప్ప ఇంకేమీ తెలియదు. వేదాంత కళాశాలలో చదువుకొనే దినాలలో, చదవని గ్రంథమును ఖండించవద్దని మాకు నేర్పారు. గ్రంథముల విషయములో ఆ మాట పాటించాము గాని బొమ్మల విషయములో గాలికి వదిలేశాము.

"ఒక్క వారము గడువియ్యి తమ్ముడూ. మీ అమ్మాయి దగ్గర మేమూ ఇది గీయడము నేర్చుకొని, ఆ తరువాత చెబుతాము" అన్నాము. ఆయన మా ముఖము వంక కాసేపు చూచి, కాగితము చుట్టుకొని వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు నాలుగు గంటలకు మందిరపు వసారాలో మా పాఠము మొదలైనది. మా ఇంటివారు ఒక చేపల చట్టి, ఒక ఇత్తడి చెంబు, పాత లాంతరు, పులుసులో వేయడానికి తెచ్చిన రెండు మామిడికాయలు ఇచ్చి, శనివారము సాయంత్రానికి చట్టి, కాయలు వంటింటికి చేరాలని షరతు పెట్టారు. ఇలాగు కదలని వస్తువులను బల్ల మీద అమర్చుకొని చూచి గీసే చిత్రమును స్టిల్ లైఫ్ అంటారట. ఆ అమ్మాయి గీసిన పద్ధతి పేరు క్యూబిజము.

క్యూబు అంటే ఏమిటో మన తీరమువారికి వేరే చెప్పనక్కరలేదు. కొటారులో ఆరిన ఉప్పుగల్లును అరచేతిలో పెట్టుకొని చూడండి. ఆరు ముఖాలు, పదునైన అంచులు. అదే క్యూబు. అయితే ఈ పేరు ఆ చిత్రకారులు తమకు తాము పెట్టుకొన్నది కాదు. 1908లో జార్జి బ్రాక్ అనే యువకుడు ఫ్రాన్సు దక్షిణ తీరములో లెస్టాక్ అనే ఊరి ఇండ్లను, చెట్లను గీసి పారిస్‌లో ప్రదర్శించినప్పుడు, లూయీ వోసెల్ అనే విమర్శకుడు ఇతడు అన్నిటినీ క్యూబులుగా మార్చేశాడని వెక్కిరించాడు. వెక్కిరింతే పేరైపోయినది. అంతియొకయలో మనవారికి వచ్చిన పేరు కూడా ఇతరులు పెట్టినదే గదా.

మొదటిరోజు మేము చట్టిని ఉన్నది ఉన్నట్లు శ్రద్ధగా గీశాము. గీసిన తరువాత స్కేలు పెట్టి దాని మీద అడ్డముగా, నిలువుగా, ఏటవాలుగా పది గీతలు కొట్టి, గీతల మధ్య రంగులు నింపాము. మా మట్టుకు మాకు చాలా క్యూబిజముగా కనబడినది. అమ్మాయి చూచి నోటికి చున్నీ అడ్డము పెట్టుకొని నవ్వింది.

"అయ్యగారూ, ఇది పగిలిన అద్దములో కనపడే చట్టి. మీరు ఒక్క చోటే కూర్చుని చూసినారు. ఒక్క చోట నుంచి చూసినదాన్నే కోసినారు. లేవండి."

లేచాము. మమ్ములను ఆ బల్ల చుట్టూ తిప్పింది. బల్ల పక్కన నిలబడి లోపలికి చూస్తే మూతి నిండు గుండ్రము. కూర్చుంటే అదే మూతి కోలగా అయిపోతుంది. నేలమీద చతికిలబడి చూస్తే మూతి ఒక గీతగా మారిపోయి, పొట్ట మాత్రము కనబడుతుంది. ఎత్తి పట్టుకొంటే మసిబారిన అడుగు. ఒక్కొక్క చోట నుండి ఒక్కొక్కటే, పలుచని బటరు పేపరు మీద గీయించింది. అటుతరువాత ఆ కాగితాలను ఒకదాని మీద ఒకటి పేర్చి కిటికీ వెలుతురుకు పట్టుకోమన్నది. నాలుగు చట్లు ఒక చట్టిలో కనబడ్డాయి. ఆ గీతలలో ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో ఎంచుకోవడములోనే పనంతా ఉన్నదట. అన్నీ ఉంచితే గడ్డివాము, అన్నీ తీసేస్తే మళ్ళీ మామూలు చట్టి.

అక్కడ మాకు ఒక ప్రశ్న పుట్టినది. మూతి గుండ్రమని మా చేతికి తెలుసు. వేలు పెట్టి తడిమితే గుండ్రమే. కంటికి కోలగా కనబడుతున్నది. ఇన్నాళ్ళు "ఉన్నది ఉన్నట్లు" అని మేము మెచ్చుకొన్న బొమ్మలు కంటి మాట విని చేతి మాట వదిలేసినవేనా? చతికిలబడి ఆలోచిస్తూ ఉండిపోయాము. సాయంకాలపు ప్రార్థనకు గంట కొట్టవలసిన సమయము దాటిపోయినదని సంఘపెద్ద ఒకరు వచ్చి జ్ఞాపకము చేశారు.

ఈ ప్రశ్న మొదట వేసినది పికాసో కాదనీ, సెజాన్ అనే ముసలాయన అనీ రెండవరోజు తెలుసుకొన్నాము. ఫోనులో ఆయన స్టిల్ లైఫులు చూపించింది. బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద ఆపిల్ పండ్లు. ఏ తప్పూ లేనట్లే ఉంటుంది. బాగా చూస్తే, గుడ్డకు ఎడమవైపు కనబడే బల్ల అంచు, కుడివైపు కనబడే అంచు ఒక వరుసలో కలవవు. ఒక జాడీని కొంచెము పైనుండి, దాని ప్రక్కనున్న బుట్టను ఎదురుగా చూచినట్లు గీస్తాడు. ఆయన 1906లో మరణించాడు. మరుసటి సంవత్సరము పారిస్‌లో ఆయన చిత్రాలను పెద్ద ప్రదర్శనగా పెట్టారు. అప్పటికి ఇరవై ఐదు, ఇరవై ఆరేండ్ల వయసులో ఉన్న బ్రాక్, స్పెయిన్ దేశస్థుడైన పికాసో, ఆ ముసలాయన మెల్లగా తెరచిన తలుపును పూర్తిగా తోసేశారు. 1908 మొదలు 1914 వరకు ఇద్దరూ కలిసి పనిచేశారు. కొన్ని చిత్రాలు ఎవరివో చెప్పడము నిపుణులకే కష్టమంటారు.

"అట్లయితే ఇది పూర్తిగా దొరల పద్ధతేనా?" అని అడిగాము. అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది.

"మీరు తోలుబొమ్మలాట చూళ్ళేదా అయ్యగారూ? బొమ్మ ముఖము పక్కకు, రొమ్ము ఎదురుగా, పాదాలు మళ్ళా పక్కకు. రావణుడి పది తలలూ ఒకే వరసలో. రాత్రంతా కూర్చుని చూసినోళ్ళు ఎవరైనా ఇదేంది వంకరగా ఉందన్నారా?"

చిన్నతనములో మేము చూచిన బొమ్మలు కళ్ళ ముందుకు వచ్చినవి. ఎవరూ అనలేదు. ఐగుప్తు సమాధుల గోడల మీద కూడా ముఖము ప్రక్కకు, కన్ను ఎదురుగా ఉంటుంది. మేము పాత నిబంధన చరిత్ర పుస్తకాలలో ఆ బొమ్మలు ఎన్నోసార్లు చూచాము, ఒక్కసారి కూడా వెక్కిరించలేదు.

మూడవరోజు రంగులు. మేము కావలిలో పన్నెండు సీసాల పోస్టరు రంగుల పెట్టె కొని తెప్పించాము. అమ్మాయి అందులో ఎనిమిది సీసాలు తీసి అవతల పెట్టేసింది. నలుపు, తెలుపు, గోధుమ, పసుపుమన్ను రంగు మిగిలాయి. మామిడికాయకు పచ్చరంగైనా ఇవ్వమని బ్రతిమాలాము, ఇవ్వలేదు. ఆకారమును అన్నివైపుల నుండి పట్టుకోవాలని చూచే సమయములో రంగు వచ్చి దృష్టిని లాగేస్తుందట. పికాసో, బ్రాక్ 1910, 1911 నాటి చిత్రాలలో ఇంచుమించు ఈ రంగులతోనే సరిపెట్టుకొన్నారు.

ఇక వేయడము ఇట్లు. గీతల మధ్య ఏర్పడిన ఒక్కొక్క పలకను తీసుకొని, ఒక అంచున ముదురుగా మొదలుపెట్టి, రెండవ అంచుకు వచ్చేసరికి లేతగా చేయాలి. ప్రక్కన ఉన్న పలకకు దీనికి ఎదురుగా. అప్పుడు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు మడతపడినట్లు కనబడుతుంది. వెలుతురు ఒక్క కిటికీ నుండి రావాలనే నియమము లేదు, ఏ పలకకు ఆ పలకే. అన్నిటికన్నా మాకు కష్టమైనది, కొన్ని అంచులను మూయకుండా వదిలేయడము. చట్టి పొట్టను ఒక ప్రక్క గీతతో మూసి, రెండవ ప్రక్క గీత లేకుండా వెనుక గోడలోనికి కలిపేయాలి. మా చెయ్యి ఊరుకోదు. వెళ్ళి మూసేస్తుంది. మూసిన ప్రతిసారీ అమ్మాయి తెల్లరంగుతో తెరిచేది. ఇంట్లో పిల్లలతో ప్రయత్నించే పాఠకులకు మా సలహా ఒకటే. పెద్ద కాగితము తీసుకొనండి, రెండు మూడు వస్తువులకు మించి పెట్టుకోవద్దు. మేము నాలుగు రకాలు పెట్టుకొని లాంతరు దగ్గర మునిగిపోయాము.

నాలుగు సువార్తలు ఒక్క ప్రభువును నాలుగు వైపుల నుండి చూపినట్లుగా అనే పోలిక మాకు ఈ మధ్యలోనే తట్టింది. ఆదివారపు ప్రసంగానికి పనికివస్తుందని సంతోషపడి అమ్మాయితో చెప్పాము. "దీనికి ప్రసంగము తగిలించబాకండి అయ్యగారూ, ముందు లాంతరు పూర్తి చెయ్యండి" అన్నది. పూర్తిచేశాము. ప్రసంగములో వాడలేదు.

నాలుగవరోజు అతికించే పాఠము. ఇది మాకు చాలా నచ్చినది. బ్రాక్ తండ్రి, తాత ఇండ్లకు రంగులు వేసే పనివారు. లె హావ్ర్ అనే ఓడరేవు పట్టణములో ఆయన కూడా ఆ పని నేర్చుకొన్నాడు. మామూలు చెక్కకు ఖరీదైన కలప చారలు వచ్చేటట్లు తడి రంగు మీద దువ్వెన లాగే విద్య ఆయనకు తెలుసు. మన ప్రాంతములో కూడా వేపచెక్క తలుపుకు టేకు చారలు దింపే పెయింటర్లు ఉండేవారు, పెద్దలకు జ్ఞాపకముండవచ్చు. బ్రాక్ ఆ కూలిపని విద్యను తెచ్చి చిత్రములో పెట్టాడు, పికాసోకూ నేర్పాడు. 1912లో కలప చారలు అచ్చువేసిన గోడకాగితమును కొని ముక్కలు కోసి బొమ్మలోనే అతికించాడు. అదే సంవత్సరము పికాసో ఒక చిన్న కోలాకారపు స్టిల్ లైఫ్ చేశాడు. దానిలో పేము అల్లిక కుర్చీ కనబడుతుంది. అది గీసినది కాదు. బల్లలమీద పరుచుకొనే మైనపుగుడ్డ మీద అల్లిక అచ్చువేసి అమ్ముతారు గదా, ఆ గుడ్డ ముక్క అతికించాడు. చుట్టూ ఫ్రేముకు బదులు మోకు బిగించాడు. నిజమైన మోకు! వలలు, పడవలు, మోకులు చూచి పెరిగినవారము మనము. ఒక మోకు పారిస్ మ్యూజియములో గాజు వెనుక ఉన్నదని తెలిస్తే మన తాతలు ఏమనేవారో.

మేము ఏమి అతికించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పాత మాసపత్రికలు చాలా ఉన్నాయన్నాము. వాక్యమున్న కాగితము చించడానికి మాత్రము మనసొప్పలేదు. అమ్మాయి వాళ్ళ నాయన దగ్గర నుండి రొయ్యల మేత గోతము ఒకటి తెచ్చింది. దాని మీద అక్షరాలు సగము తెగేటట్లు ఒక ముక్క కోసి, బల్ల ఉండవలసిన చోట అతికించాము. ఆశ్చర్యమేమంటే, మా బొమ్మలో అన్నిటికన్నా నమ్మకముగా నిలిచిన భాగము ఆ గోతము ముక్కే. మేము గీసినదంతా దాని మీద ఆనుకొని నిలబడినది.

ఆ ఇద్దరి స్నేహము 1914 యుద్ధముతో ఆగిపోయినది. బ్రాక్ ఫ్రెంచివాడు గనుక సైన్యములోనికి వెళ్ళాడు, 1915లో తలకు పెద్ద గాయమైనది. కోలుకొని 1963లో చనిపోయే వరకు గీస్తూనే ఉన్నాడు గాని పాత జోడు మరల కుదరలేదు.

మన దేశములో దీనిని మొదట పట్టుకొన్నవారు కలకత్తాలో గగనేంద్రనాథ్ టాగూరు, రవీంద్రుల అన్నకొడుకు వరుస. 1922 ప్రాంతములోనే ఆయన ఈ పద్ధతిని మేడలకు, మెట్లకు, లోపలినుండి పడే వెలుతురుకు వాడుకొన్నారు. మన తెలుగువారిలో గుడివాడలో 1936లో పుట్టిన ఎస్.వి. రామారావు గారు మద్రాసులో చదివి, స్కాలర్‌షిప్పు మీద లండన్ స్లేడ్ కళాశాలకు వెళ్ళి, తరువాత అమెరికాలో చికాగోలో స్థిరపడ్డారు. క్యూబిస్టు చిత్రకారునిగా పేరు పొందారు. 2001లో మన ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. ఆ సంగతి తండ్రికి చెబితే పని సులువౌతుందని మేము అనుకొన్నాము. అమ్మాయి ఒప్పుకోలేదు.

"ఆయన సంగతి చెప్పి మా నాయనకు ఆశ పెట్టబాకండి. నేను డ్రాయింగు టీచరు అవుతానో, బట్టల డిజైన్లు వేస్తానో, ఏమీ దొరక్క బోర్డులు రాస్తానో నాకే తెలీదు. నా చెయ్యి పాడుకాలేదని చెప్పండి చాలు."

శనివారము వచ్చినది. తండ్రి సాయంత్రము వచ్చాడు గాని బొమ్మ సంగతికి కాదు. రాత్రి గుంట కట్టలో ఎక్కడో నీరు కారుతున్నదట, యజమానికి ఫోనులో చెబితే అర్థము కాలేదట, మా చేత వివరముగా ఒక ఉత్తరము వ్రాయించి ఫోటో తీసి పంపాలని వచ్చాడు. మాకు కూడా అర్థము కాలేదు. అప్పుడు ఆయన మందిరము ముందు ఇసుకలో గొంతుకు కూర్చొని, చీపురుపుల్లతో గీయడము మొదలుపెట్టాడు. నాలుగు మూలల గుంట. చుట్టూ కట్ట. కట్ట మీద వరుసగా కొబ్బరిచెట్లు, నాలుగు వైపులా బయటికి పడుకొని. ఒక మూల మోటారు, చక్రముతో సహా. కట్ట అడుగున తూము, తూములో పైపు, పైపు లోపల అడ్డముగా బిగించిన వల. వలకు ఇవతల నీరు కారే చోటు. రెండు నిమిషాలలో అంతా తెలిసిపోయినది. పది వాక్యాల ఉత్తరములో మేము చెప్పలేనిది అది.

అమ్మాయి మా వెనుకగా వచ్చి నిలబడినది మేము గమనించలేదు.

"నాయనా, గుంట పైనుంచి గీసినావు. మోటారు పక్కనుంచి గీసినావు. చెట్లు పండబెట్టినావు. తూము లోపల వల నీకు యాడ్నుంచి కనపడింది?"

"కనపడేదేంది? ఆడ ఉండాది. నేను బిగిచ్చిందే గదా, నాకు తెలీదా?"

"నేను గీసింది కూడా అంతే."

ఆయన మాట్లాడలేదు. పుల్ల చేతిలోనే ఉన్నది. అమ్మాయి లోపలికి వెళ్ళి తన కాగితము తెచ్చి ఇసుక ప్రక్కన పరచి, ఎగిరిపోకుండా నాలుగు మూలల రాళ్ళు పెట్టింది. ఆయన ముందు ఇసుకను చూచాడు, తరువాత కాగితమును చూచాడు. చాలాసేపటికి వేలు ముందుకు చాపి చట్టి మూతి దగ్గర ఒక చిన్న నల్లటి గంటును తాకాడు.

"ఇది మా అమ్మ చట్టి."

"అవును."

"ఈ పెచ్చు గోడ వైపుకు గదా ఉండేది. అమ్మ ఎప్పుడూ అట్టనే తిప్పి పెట్టేది, వచ్చినోళ్ళకు కనపడకుండా. ముందు నుంచి చూస్తే కనపడదే."

"కనపడదు. అందుకే ఈ పద్ధతిలో గీసినా. పగలగొట్టలేదు నాయనా. చుట్టూ తిరిగినా."

ఆ అవ్వను మేమే నాలుగేండ్ల క్రిందట సమాధి చేశాము. ఆమె చేతి పులుసు తిన్నాము గాని ఆ పెచ్చు మాకు తెలియదు.

గడువు ప్రకారము మేము చెప్పవలసిన మాట ఒకటి మిగిలి ఉన్నది. ఉద్యోగము వస్తుందని హామీ ఇవ్వలేమనీ, ఇది రాని చెయ్యి గీసిన బొమ్మ కాదని మాత్రము ఐదు రోజులు చెమటలు కార్చి తెలుసుకొన్నామనీ చెప్పాము. మా బొమ్మ కూడా తెచ్చి ప్రక్కన పెట్టాము. రెంటినీ చూచి ఆయన మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వుకు మేము బాధపడలేదు. తరువాతి యౌవనస్థుల కూటములో మా పాత హాస్యమును జ్ఞాపకము చేసి, తెలియక నవ్వించామని అందరి ఎదుట ఒప్పుకొన్నాము. ఆ అమ్మాయి ఆ రోజు కూడా చాప అంచే గిల్లుతూ కూర్చున్నది. ఫీజు సగము కట్టారు. మిగతా సగము రొయ్యల పట్టుబడి తరువాత కడతామని కళాశాలవారిని అడిగారు, ఒప్పుకొన్నారట.

మా బొమ్మను మా ఇంటివారు చాలాసేపు పరిశీలించారు. "నేనిచ్చింది రెండు మామిడికాయలు. మూడు గీసినారే?" అని అడిగారు. ఒకటే కాయను రెండు వైపుల నుండి గీశామని వివరించాము. "అట్టయితే మూడోది పులుసులోకి రాదు" అని, వడలిన రెండు కాయలను, చట్టిని తీసుకొని వంటింట్లోనికి వెళ్ళారు. ఆ రాత్రి వంజరము పులుసు.